మునిగిన శత్రు జలాంతర్గాముల సిబ్బందిని కాపాడటం

యుద్ధంలో ఒక నౌక శత్రు జలాంతర్గామిని ముంచుతుంది. కొన్ని నిమిషాలకు అదే నౌక తన వైపునుంచి తాళ్ల వలలు దించి, ఆ జలాంతర్గామి నుంచి బయటపడి నీళ్లలో తేలుతున్నవాళ్లను పైకి లాగుతుంది. ఇరవయ్యో శతాబ్దపు నౌకాయుద్ధాల్లో ఇది ఎన్నోసార్లు జరిగింది. జరగవలసి ఉండీ జరగని సందర్భాలు కూడా ఎన్నో ఉన్నాయి. అంతర్జాతీయ చట్టం దీన్ని కర్తవ్యంగా నిర్దేశించింది. అయితే మనుషులను ఎక్కించుకోవాలంటే నౌక ఆగాలి. దగ్గర్లో రెండో జలాంతర్గామి పొంచి ఉంటే, ఆగిన నౌకను మించిన సులువైన గురి దానికి దొరకదు. కాపాడాలా, కదిలిపోవాలా అన్న నిర్ణయం చట్టసభలోనూ న్యాయస్థానంలోనూ జరగదు. చీకట్లో, చలిలో, అరకొర సమాచారంతో నిలబడిన ఒక కెప్టెన్ కొద్ది నిమిషాల్లో తీసుకోవాలి.

బయటపడేవారు తక్కువ

జలాంతర్గామి మునిగితే ఎక్కువసార్లు కాపాడటానికి ఎవరూ మిగలరు. నీటి అడుగున పేలే డెప్త్ ఛార్జి బాంబు దెబ్బకు పైతొడుగు పగిలిందంటే లోపలివాళ్లకు క్షణాల వ్యవధి కూడా ఉండదు. దెబ్బతిన్న జలాంతర్గామి ఎలాగో నీటిపైకి రాగలిగినప్పుడే మనుషులు బయటికొచ్చే వీలుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ జలాంతర్గాముల్లో, అంటే యు-బోట్లలో, సుమారు 40,000 మంది పనిచేశారు. వారిలో 28,000 నుంచి 30,000 మంది చనిపోయారు. శత్రువు చేతికి చిక్కి బతికినవారు దాదాపు 5,000 మంది. ఆ యుద్ధంలో మరే సేనావిభాగమూ ఇంత నిష్పత్తిలో మనుషులను కోల్పోలేదని చరిత్రకారులు తరచు రాస్తుంటారు.

పైకి వచ్చిన తర్వాత కూడా ప్రాణాలకు భరోసా ఉండదు. హాచ్ తెరుచుకుని డెక్ మీదికి పరుగెత్తుకొచ్చే మనుషులు లొంగిపోవడానికి వస్తున్నారో, డెక్ ఫిరంగి దగ్గరికి పోతున్నారో దూరం నుంచి చూసేవారికి తెలియదు. తెల్లజెండా వెతికే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే చాలామంది ఆ కొద్ది నిమిషాల కాల్పుల్లోనే చనిపోయారు. వాళ్లు నీళ్లలోకి దూకేశాక మాత్రం ఈ సందేహానికి చోటు ఉండదు. ఈతకొడుతున్న మనిషి ఇక పోరాడే మనిషి కాదు. చట్టం కూడా సరిగ్గా అక్కడే గీత గీసింది.

చట్టంలోని మాటలు

నేలమీది క్షతగాత్రుల కోసం 1864లో వచ్చిన జెనీవా ఒప్పంద సూత్రాలను 1899 హేగ్ సమావేశం సముద్రానికి వర్తింపజేసింది. 1907లో కుదిరిన పదో హేగ్ ఒప్పందం 16వ అధికరణం ఇంకాస్త స్పష్టంగా చెప్పింది. ప్రతి పోరు తర్వాత ఇరుపక్షాలూ ఓడ మునిగి నీళ్లపాలైనవారిని, గాయపడ్డవారిని, జబ్బుపడ్డవారిని వెతకాలి, కాపాడాలి. కానీ ‘సైనిక ప్రయోజనాలు అనుమతించినంత మేరకు’ అన్న మెలిక అందులో ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలూ ఆ మెలిక కిందే జరిగాయి.

1949లో వచ్చిన రెండో జెనీవా ఒప్పందం 18వ అధికరణంలో ఆ మెలికను తీసేసి, పోరు ముగియగానే ఆలస్యం లేకుండా సాధ్యమైన చర్యలన్నీ తీసుకోవాలని రాశారు. ‘సైనిక ప్రయోజనం’ పోయి ‘సాధ్యం’ వచ్చింది. ఈ మార్పు చిన్నదిగా కనిపించినా బరువైనది. మొదటిదాని ప్రకారం కెప్టెన్ తనకేది మేలో చూసుకుంటే చాలు. రెండోదాని ప్రకారం తాను ఏం చేయగలిగి ఉండేవాడో జవాబు చెప్పుకోవాలి. అదే ఒప్పందం 16వ అధికరణం ప్రకారం శత్రువు చేతికి చిక్కిన నావికుడు యుద్ధఖైదీ. 21వ అధికరణం తటస్థ నౌకలను సాయం అడిగే వీలు కల్పించింది. 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్, శత్రుచర్యకు పాల్పడకుండా నీటిలో ఆపదలో ఉన్నవారు సైనికులైనా పౌరులైనా రక్షణకు అర్హులని నిర్వచనంలోనే చెప్పింది. భారతదేశం 1949 ఒప్పందాలను 1950లో ధ్రువీకరించింది.

1914, 1915: భయం, పగ

1914 సెప్టెంబర్ 22 ఉదయం డచ్చి తీరానికి దగ్గరలో యు-9 అనే ఒకే ఒక్క జర్మన్ జలాంతర్గామి బ్రిటన్ క్రూజర్ అబూకిర్‌ను ముంచింది. తోటి నౌకలు హోగ్, క్రెసీ నీళ్లలో ఉన్నవాళ్లను తీసుకోవడానికి అక్కడే ఆగాయి. ఆ రెండింటినీ కూడా యు-9 ముంచేసింది. 1,459 మంది చనిపోయారు. జలాంతర్గామి ముప్పున్న చోట పెద్ద నౌకలు ఆగరాదని బ్రిటన్ నౌకాశాఖ ఆ తర్వాత ఆదేశించింది. తరువాతి అరవై ఏళ్లలో సముద్రంలో మనుషులను వదిలి కదిలిపోయిన ప్రతి కెప్టెన్ వెనకా ఆ ఉదయం నేర్పిన భయం ఉంది. 1941 మే 27న బిస్మార్క్ యుద్ధనౌక మునిగినప్పుడు డోర్సెట్‌షైర్, మావోరి నౌకలు దాని సిబ్బందిలో 110 మందిని పైకి తీశాయి. అంతలో జలాంతర్గామి ఉందన్న అనుమానం రావడంతో మిగిలిన వందలమందిని నీళ్లలోనే వదిలి వేగం పెంచాయి.

1915 మార్చిలో యు-8ను ముంచిన బ్రిటిష్ డిస్ట్రాయర్లు దాని సిబ్బంది అందరినీ కాపాడాయి. కానీ ఒడ్డుకు చేరాక కథ మారింది. వాణిజ్య నౌకలను ముంచినవాళ్లు మామూలు యుద్ధఖైదీలు కారంటూ యు-8, యు-12 ఖైదీలను బ్రిటన్ విడిగా నిర్బంధించింది. బదులుగా జర్మనీ తన దగ్గరున్న 39 మంది బ్రిటిష్ అధికారులను ఏరి కఠిన నిర్బంధంలో పెట్టింది. నౌకాశాఖ చర్చిల్ చేతినుంచి బాల్ఫోర్ చేతికి వచ్చాక, జూన్‌లో బ్రిటన్ ఆ విధానం మానుకుంది.

ఆ ఏడాది ఆగస్టు 19న జరిగినది దీనికంటే దారుణం. వాణిజ్య నౌక వేషంలో ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక బారలాంగ్ యు-27ను ముంచింది. అప్పటికి యు-27 కాల్పులు జరుపుతున్న నికోసియన్ అనే కంచరగాడిదల రవాణా నౌక పక్కనే ఉంది. నీళ్లలో పడ్డ జర్మన్ నావికులు ఈదుకుంటూ దాని మీదికి ఎక్కబోతే బారలాంగ్ సిబ్బంది వాళ్లను కాల్చి చంపారు. ఎక్కగలిగినవాళ్లను నౌకలో వెతికి మరీ చంపారు. ఆ నౌకను వాళ్లు ముంచేస్తారేమోనని భయపడ్డామన్నది కెప్టెన్ గాడ్‌ఫ్రీ హెర్బర్ట్ వాదన. జర్మనీ అధికారికంగా నిరసన తెలిపినా ఎవరిమీదా విచారణ జరగలేదు. అదే రోజు అరబిక్ అనే ప్రయాణికుల నౌకను మరో యు-బోటు ముంచింది. ఆ కోపం నావికుల మనసుల్లో ఉందనుకోవచ్చు. కోపం కారణం అవుతుందేమో గాని, నిరాయుధుడై ఈదుతున్న మనిషిని కాల్చడానికి సమర్థన కాదు.

మూడేళ్లకు జర్మన్ జలాంతర్గామి యు-86 ల్యాండోవరీ కాజిల్ అనే ఆసుపత్రి నౌకను ముంచి, ప్రాణరక్షక పడవల మీద కాల్పులు జరిపింది. ఈ కేసులో 1921లో లైప్‌జిగ్ న్యాయస్థానం ఇద్దరు అధికారులకు నాలుగేళ్ల చొప్పున శిక్ష వేసింది. నీళ్లలో ఉన్నవారిని చంపడం ఎంత స్పష్టమైన నేరమంటే, పైవాడి ఆజ్ఞ అన్న సాకు చెల్లదని ఆ తీర్పు చెప్పింది.

ఒక మార్చి రాత్రి

శత్రువును కాపాడే పని యుద్ధానికి ఎప్పుడూ అడ్డమేనని అనుకునేవారు 1941 మార్చి 17 తెల్లవారుజామున జరిగినదాన్ని చూడాలి. హెచ్.ఎక్స్.112 అనే వాణిజ్య నౌకల కాన్వాయ్ ఉత్తర అట్లాంటిక్ దాటి బ్రిటన్‌కు వస్తోంది. కమాండర్ డొనాల్డ్ మాకింటైర్ నడిపే వాకర్, దాని తోటి డిస్ట్రాయర్ వానోక్ ఆ కాన్వాయ్ కాపలా నౌకల్లో ఉన్నాయి. వానోక్ తన రాడార్‌తో యు-100ను పసిగట్టి నేరుగా ఢీకొట్టింది. ఆ బోటు కమాండర్ యోఆఖిమ్ షెప్కే అక్కడికక్కడే చనిపోయాడు. ప్రాణాలతో మిగిలినవారిని ఎక్కించుకోవడానికి వానోక్ ఆగింది.

అప్పుడు వాకర్ వెళ్లిపోలేదు, పక్కన తానూ ఆగలేదు. ఆగిన వానోక్ చుట్టూ తిరుగుతూ ఆస్డిక్ అనే ధ్వని పరికరంతో నీటిని గాలిస్తూ కాపలా కాసింది. ఆ గాలింపులోనే మరో జలాంతర్గామి చప్పుడు దొరికింది. అది ఓటో క్రెచ్మర్ నడుపుతున్న యు-99. ముంచిన నౌకల టన్నుల లెక్కలో రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ జలాంతర్గామి కమాండర్లందరిలో మొదటివాడు అతనే. డెప్త్ ఛార్జీల దెబ్బకు యు-99 నీటిపైకి వచ్చింది. ఇక చేయగలిగింది లేదని తెలిసి క్రెచ్మర్ లైటు సంకేతాలతో తన మనుషులను కాపాడమని అడిగాడు. బోటు శత్రువు చేతికి చిక్కకుండా త్వరగా మునగడానికి ఇంజినీరు ష్రోడర్ మళ్లీ లోపలికి దిగి, తిరిగి రాలేదు. మొత్తం 43 మందిలో 40 మందిని వాకర్ పైకి లాగింది. క్రెచ్మర్ చివరివాళ్లలో ఒకడిగా ఎక్కాడు. అతని మెడలోని బైనాక్యులర్లు మాకింటైర్ తీసుకుని యుద్ధం ముగిసేదాకా వాడాడు. యుద్ధం తర్వాత వాటిని తిరిగి ఇచ్చాడు. అప్పటికే వాకర్ మీద, మునిగిన వాణిజ్య నౌకల నుంచి తీసుకున్న నావికులు ఉన్నారు. ముంచినవాళ్లూ మునిగినవాళ్లూ ఒకే డెక్ కింద రేవు చేరారు.

ఆ రాత్రి జర్మనీ ఒకేచోట ఇద్దరు పేరుమోసిన కమాండర్లను కోల్పోయింది. ఒక నౌక ఆగి శత్రువులను ఎక్కించుకుంటుండగా ఇంకో నౌక దాని చుట్టూ తిరగడం వల్లే రెండోవాడు దొరికాడు. ఒక నౌక రక్షిస్తే మరొకటి కాపలా కాసే ఈ ఏర్పాటు తర్వాత ఎస్కార్ట్ దళాలకు మామూలు పద్ధతి అయింది. ‘సాధ్యం’ అన్న మాటకు అర్థం చెప్పాలంటే నాకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చే ఉదాహరణ ఇదే. ఒంటరి నౌకకు సాధ్యంకానిది రెండు నౌకలకు సాధ్యమైంది.

పైకి లాగడం ఎలా

నీళ్లలో ఉన్నవాళ్లు సాధారణంగా డీజిల్‌లో మునిగి తేలుతుంటారు. అది కళ్లలో, గొంతులో, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శీతాకాలపు ఉత్తర అట్లాంటిక్‌లో కొద్ది నిమిషాలకే వేళ్లు మొద్దుబారతాయి. తాడు విసిరినా పట్టుకోలేరు. వల దించినా ఎక్కలేరు. అందుకే నౌక సిబ్బంది తామే వల మీదుగా నీటి అంచుదాకా దిగి చంకల కింద తాడు కట్టి లాగవలసి వచ్చేది. గాలి వాలు చూసుకుని, మనుషులు నౌక వైపు కొట్టుకొచ్చేలా కెప్టెన్ నౌకను నిలపాలి. ప్రొపెల్లర్ తిరుగుతుంటే దగ్గరున్నవాళ్లు దానికి బలవుతారు. ఆపేస్తే నౌక కదల్లేదు. అలలు పెద్దవైతే పడవ దించడం ఇంకా కష్టం.

పైకొచ్చాక మొదట ఆయుధాలు వెతికేవారు, తర్వాత తడి బట్టలు విప్పించి దుప్పట్లు కప్పేవారు. వేడి టీ, రమ్ము, సిగరెట్టు ఇవ్వడం అన్ని నౌకల్లో కనిపించేదే. అధికారులను మామూలు నావికుల నుంచి వేరుచేసి కూర్చోబెట్టేవారు. గాయాలకు నౌక డాక్టరే కట్లు కట్టేవాడు. నౌక మీద చనిపోయినవాళ్లకు వారి దేశపు జెండా కప్పి, కెప్టెన్ ప్రార్థన చదివి సముద్రంలో దించేవారు.

శత్రువుల సంగతి పక్కనపెట్టి సొంతవాళ్లను కాపాడటానికి కూడా ప్రత్యేక ఏర్పాటు కావలసి వచ్చింది. 1941 నుంచి బ్రిటన్ కాన్వాయ్‌ల వెనక రక్షణ నౌకలను నడిపింది. అవి చిన్న తీరప్రాంత నౌకలు. వాటిలో శస్త్రచికిత్స గది, డాక్టరు, పెద్ద గుంజుడు వలలు ఉండేవి. యుద్ధం ముగిసేసరికి 4,194 మందిని కాపాడాయి.

మరోవైపు నుంచి చూసినా ఇదే కనిపిస్తుంది. 1940 జనవరిలో హెలిగోలాండ్ అఖాతంలో దెబ్బతిన్న బ్రిటిష్ జలాంతర్గాములు అన్‌డైన్, స్టార్‌ఫిష్‌ల సిబ్బంది మొత్తాన్ని జర్మన్ గస్తీ నౌకలు నీళ్లలోంచి తీసి ఖైదీలుగా పట్టుకెళ్లాయి.

అమెరికా తీరం, 1942

1942 వసంతంలో అమెరికా తూర్పు తీరంలో నెల తిరక్కుండానే, దాదాపు ఒకే నీళ్లలో రెండు ఘటనలు జరిగాయి. వేసవిలో మూడోది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఏప్రిల్ 14న చీకట్లో డిస్ట్రాయర్ రోపర్ నార్త్ కరోలినా దగ్గర యు-85ను ఫిరంగితో కొట్టింది. బోటు మునిగింది, మనుషులు నీళ్లలో కేకలు వేస్తున్నారు. రెండో జలాంతర్గామి ఉందన్న అనుమానంతో రోపర్ వాళ్ల మధ్యగా నడుస్తూ డెప్త్ ఛార్జీలు వదిలింది. మొత్తం 46 మందిలో ఒక్కరూ బతకలేదు. తెల్లారాక 29 శవాలను తీసి వర్జీనియాలోని హాంప్టన్‌లో రాత్రిపూట సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు. అక్కడ రెండో జలాంతర్గామి లేదు.

మే 9న కోస్ట్‌గార్డ్ నౌక ఐకారస్ యు-352ను ముంచింది. నీళ్లలో మనుషులున్నారు. కెప్టెన్ మారిస్ జెస్టర్‌కు ఏం చేయాలో తెలియలేదు. ఆ యుద్ధంలో అమెరికన్లు శత్రు నావికులను ఇలా పట్టుకున్న అనుభవం లేదు. రేడియోలో ఒక స్థావరాన్ని అడిగాడు, జవాబు రాలేదు. మరోదాన్ని అడిగాడు. అక్కడినుంచి దూరంగా పోతూ పోతూ మళ్లీ మళ్లీ అడిగాడు. చివరికి తీసుకుని చార్లెస్టన్ రమ్మని ఆదేశం వచ్చాక వెనక్కి తిరిగి 33 మందిని ఎక్కించుకున్నాడు. వాళ్లలో ఒకరు దారిలో చనిపోయారు. వాళ్ల కమాండర్ రాట్కే, ముందు గాయపడ్డవాళ్లను తీసుకోమని నీళ్లలోంచే కోరాడు. పైవారి మాట కోసం ఆగడంలో పోయిన ఆ సమయం చూస్తే, ఈ కర్తవ్యాన్ని నౌకలకు ముందే నేర్పకపోతే ఏం జరుగుతుందో అర్థమవుతుంది. చట్టం 1907 నుంచి ఉంది. కెప్టెన్ చేతిలో ఉండవలసిన సూచన మాత్రం లేదు.

జులై 7న హారీ కేన్ నడుపుతున్న హడ్సన్ విమానం యు-701ను ముంచింది. విమానం ఎవరినీ ఎక్కించుకోలేదు. కేన్ తన మనుషుల లైఫ్ జాకెట్లు, తెప్ప కిందికి వదిలి, చోటు గుర్తించి కబురు పెట్టాడు. గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం వాళ్లను చాలా దూరం లాక్కెళ్లింది. దాహంతో, ఎండతో ఒక్కొక్కరే మునిగిపోయారు. రెండు రోజుల తర్వాత గాలింపులో ఉన్న ఒక నౌకాదళ గాలినౌక వాళ్లను చూసింది. కోస్ట్‌గార్డ్ సీప్లేన్ దిగి కమాండర్ హోర్స్ట్ డేగన్‌తో సహా ఏడుగురిని తీసుకొచ్చింది. ఆకాశం నుంచి యుద్ధం చేసేవాడికి ఏం సాధ్యమో కేన్ అదంతా చేశాడు. 1949 ఒప్పందం తర్వాత కోరినది ఇలాంటిదే. ఎక్కించుకోలేనప్పుడు తెప్పైనా, చోటు చెప్పడమైనా.

ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ 17న హెచ్.ఎక్స్.233 కాన్వాయ్ దగ్గర యు-175 మునిగినప్పుడు కోస్ట్‌గార్డ్ నౌకలు స్పెన్సర్, డ్యూయేన్ 41 మందిని ఎక్కించుకున్నాయి. నీళ్లలోంచి చేతులు చాచి అరుస్తున్న నావికులు, వాళ్లను లాగుతున్న అమెరికన్ల ఫొటోలు ప్రపంచమంతా అచ్చయ్యాయి.

కొన్ని ఉదాహరణలు

1943 మార్చి 11న ఫ్రెంచి కార్వెట్ అకోనిట్ రెండు యు-బోట్లను ముంచింది. యు-444ను ముందు బ్రిటిష్ డిస్ట్రాయర్ హార్వెస్టర్ ఢీకొట్టింది. ఆ దెబ్బకు తానే చెడిపోయి నిలబడిపోయింది. అలా నిలబడ్డ హార్వెస్టర్‌ను యు-432 టార్పెడోతో ముంచింది. ఆ తర్వాత అకోనిట్ యు-432ను ముంచి, హార్వెస్టర్ సిబ్బందిలో బతికినవారితో పాటు రెండు యు-బోట్లవారినీ ఒకే చిన్న నౌకలో ఎక్కించుకుంది. 1944 ఫిబ్రవరి 19న యు-264 మునిగినప్పుడు బ్రిటిష్ స్లూప్‌లు మొత్తం 52 మందినీ కాపాడాయి. ఒక్కరూ పోకపోవడం చాలా అరుదు.

న్యూజిలాండ్ పైలట్ లాయిడ్ ట్రిగ్ సంగతి వీటన్నిటికంటే భిన్నం. 1943 ఆగస్టు 11న పశ్చిమాఫ్రికా దగ్గర అతని లిబరేటర్ విమానం యు-468 మీదికి దిగింది. యు-బోటు కాల్పులకు విమానం మంటల్లో చిక్కినా అతను దాడి ఆపకుండా డెప్త్ ఛార్జీలు వదిలాడు. విమానం సముద్రంలో కూలింది. సిబ్బంది ఎనిమిది మందీ చనిపోయారు. యు-బోటూ మునిగింది. దాని కమాండర్ క్లెమెన్స్ షామోంగ్, ఇంకో ఆరుగురు, కూలిన విమానం నుంచి తేలొచ్చిన రబ్బరు తెప్పలో ప్రాణాలు నిలుపుకున్నారు. రెండు రోజులకు బ్రిటిష్ కార్వెట్ క్లార్కియా వాళ్లను తీసుకుంది. ట్రిగ్ ధైర్యానికి వేరే సాక్షులు లేరు. వాళ్లే చెప్పారు. శత్రువుల సాక్ష్యం మీద అతనికి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ ఏడుగురిని ఎత్తుకోకపోయి ఉంటే ట్రిగ్ ఏం చేశాడో అతని ఇంటివాళ్లకు కూడా తెలిసేది కాదు.

సొంతవాళ్లు నీళ్లలో ఉన్నప్పుడు

1944 ఫిబ్రవరి 12న మొంబాసా నుంచి కొలంబో వస్తున్న కాన్వాయ్‌లోని ఖెదివ్ ఇస్మాయిల్ నౌకను మాల్దీవుల దగ్గర జపాన్ జలాంతర్గామి ఐ-27 ముంచింది. సైనికులు, నర్సులతో సహా 1,297 మంది చనిపోయారు. రెండు వందల పైచిలుకు మంది నీళ్లలో తేలుతున్నారు. ఐ-27 సరిగ్గా వాళ్ల కిందే దాక్కుంది. డిస్ట్రాయర్లు పెటార్డ్, పాలడిన్ సొంతవాళ్లున్న చోటే డెప్త్ ఛార్జీలు వదిలాయి. జలాంతర్గామి పైకొచ్చింది. పాలడిన్ దాన్ని ఢీకొట్టబోయి తానే దెబ్బతింది. చివరికి పెటార్డ్ టార్పెడోతో ముంచింది. ఈ నిర్ణయాన్ని నేటికీ నావికులు వాదించుకుంటారు. కార్వెట్లలో పనిచేసిన రచయిత నికొలస్ మాన్సరట్ 1951లో రాసిన ‘ద క్రూయెల్ సీ’ నవలలో ఇలాంటి సన్నివేశం ఉంది.

పసిఫిక్‌లో

1942 మార్చిలో జావా సముద్రంలో మునిగిన అమెరికా జలాంతర్గామి పెర్చ్ సిబ్బంది అందరినీ జపాన్ డిస్ట్రాయర్ ఉషియో నీళ్లలోంచి తీసింది. తర్వాత చెరలో ఆరుగురు చనిపోయారు.

స్కల్పిన్ కథ ఇంకా బరువైనది. 1939లో అమెరికా తీరంలో స్క్వాలస్ అనే జలాంతర్గామి శిక్షణలో మునిగితే, దాన్ని వెతికి పట్టుకున్నది స్కల్పినే. లోపలున్న 33 మంది అప్పుడు బతికారు. స్క్వాలస్‌ను పైకి తీసి సెయిల్‌ఫిష్ అని పేరుమార్చి మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 1943 నవంబర్ 19న స్కల్పిన్‌ను జపాన్ డిస్ట్రాయర్ యమగుమో ముంచింది. అందులో ఉన్న కెప్టెన్ జాన్ క్రామ్‌వెల్‌కు రాబోయే దాడుల రహస్యాలు తెలుసు. శత్రువు రక్షిస్తే చిత్రహింసల్లో బయటపెడతానేమోనని అతను బోటుతో పాటే మునిగిపోయాడు. 42 మందిని జపనీయులు ఎక్కించుకున్నారు. తీవ్రంగా గాయపడ్డ ఒకరిని మళ్లీ సముద్రంలోకి తోసేశారు. మిగిలినవారిలో 21 మందిని చుయో అనే విమానవాహక నౌకలో జపాన్‌కు పంపారు. డిసెంబర్ 4న ఆ నౌకను టార్పెడోతో ముంచింది సెయిల్‌ఫిష్. ఆ 21 మందిలో ఒక్కరే బతికారు.

జపాన్ నావికులు పట్టుబడటం అవమానంగా భావించి రక్షణను నిరాకరించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. 1943 ఆగస్టులో న్యూజిలాండ్ నౌక టుయి, అమెరికా విమానాలు కలిసి ముంచిన ఐ-17 నుంచి టుయి ఆరుగురిని తీసుకోగలిగింది.

లకోనియా తర్వాత

1942 సెప్టెంబర్ 12న యు-156 కమాండర్ హార్టెన్‌స్టైన్ లకోనియా నౌకను ముంచాడు. అందులో సుమారు 1,800 మంది ఇటాలియన్ ఖైదీలున్నారని తెలిసి, ఇంగ్లిషులో బాహాటంగా రేడియో సందేశం పెట్టి సాయం పిలిచాడు. వందలమందిని తన బోటు మీద, వెనక పడవల్లో పెట్టుకున్నాడు. రెడ్‌క్రాస్ జెండా కట్టినా 16న ఒక అమెరికన్ విమానం దాని మీద బాంబులు వేసింది. మరునాడు జర్మన్ జలాంతర్గాముల అధిపతి అడ్మిరల్ డోనిట్జ్ ఇక ఎవరినీ కాపాడవద్దని ఆజ్ఞ ఇచ్చాడు. నూరెంబర్గ్‌లో అతనిపై విచారణలో ఆ ఆజ్ఞ తీవ్రంగా గర్హనీయమని న్యాయమూర్తులు తేల్చారు. కానీ పసిఫిక్‌లో తన జలాంతర్గాములు కూడా అదనపు ప్రమాదం ఉన్నప్పుడు శత్రువులను కాపాడలేదని అమెరికా అడ్మిరల్ నిమిట్జ్ జవాబు ఇచ్చాడు. దాంతో జలాంతర్గామి యుద్ధ నియమాల ఉల్లంఘనను శిక్షలో లెక్కించలేదు. కాపాడకపోవడం వేరు, కాల్చి చంపడం వేరు. పెలియస్ నౌక నుంచి బయటపడ్డవారిని మెషిన్‌గన్లతో కాల్చిన యు-852 కమాండర్ హైన్జ్ ఎక్‌కు, మరో ఇద్దరికీ 1945 నవంబర్ 30న మరణశిక్ష అమలైంది.

బంగాళాఖాతం, విశాఖపట్నం

తెలుగు తీరానికి ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. 1944 ఫిబ్రవరి 11న, ఖెదివ్ ఇస్మాయిల్ మునగడానికి సరిగ్గా ముందురోజు, విశాఖపట్నం దగ్గర కొలంబో నుంచి కలకత్తా పోతున్న కాన్వాయ్‌పై జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110 దాడి చేసింది. రాయల్ ఇండియన్ నేవీ స్లూప్ జమున, ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ దాన్ని డెప్త్ ఛార్జీలతో ముంచాయి. ఎవరూ పైకి రాలేదు. అదే ఏడాది ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర భారత నౌక గోదావరి, బ్రిటిష్ నౌక ఫిండ్‌హార్న్ కలిసి యు-198ను ముంచాయి. అక్కడా ఒక్కరూ మిగలలేదు.

1971 డిసెంబర్ 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముందు మునిగింది. రాజ్‌పుత్ నౌక వదిలిన డెప్త్ ఛార్జీల వల్లనని భారత్, లోపలి పేలుడు లేదా తాను పెట్టిన మైను వల్లనని పాకిస్తాన్ చెబుతాయి. లోపలి తొంభై మందికి పైగా సిబ్బందిలో ఎవరూ బతకలేదు. కాపాడేందుకు ఎవరూ లేకపోవడమే జలాంతర్గామి యుద్ధంలో తరచు జరిగేది. డిసెంబర్ 9న అరేబియా సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హాంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. బతికినవారిని మరునాడు భారత నౌక కచ్చాల్ తీసుకుంది.

ఇప్పుడు మునిగిన జలాంతర్గామికి అతుక్కుని మనుషులను తీసుకొచ్చే లోతు రక్షక వాహనాలు భారత నౌకాదళానికి రెండు ఉన్నాయి. ఒకటి ముంబైలో, ఒకటి విశాఖలో. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా జలాంతర్గామి నంగ్గాల గల్లంతైనప్పుడు విశాఖ వాహనం బయల్దేరింది. ఇవి పనిచేయాలంటే పైన తల్లి నౌక గంటల తరబడి కదలకుండా ఉండాలి. కాల్పులు జరుగుతున్న సముద్రంలో అది ఇరుపక్షాల ఒప్పందం లేకుండా కుదరదు.

ఖైదు, విచారణ, ఇంటికి కబురు

శత్రువును కాపాడటానికి దయ ఒక్కటే కారణం కాదు. నీళ్లలోంచి తీసిన ప్రతి నావికుడూ సమాచారం. 1941 మే 9న యు-110 పైకి వచ్చినప్పుడు కార్వెట్ ఆబ్రీషియా దాని సిబ్బందిని గబగబా ఎక్కించుకుని డెక్ కిందికి పంపేసింది. డిస్ట్రాయర్ బుల్‌డాగ్ నుంచి డేవిడ్ బాల్మ్ బృందం ఖాళీ జలాంతర్గామిలోకి దిగి ఎనిగ్మా అనే రహస్యసంకేత యంత్రాన్ని, సంకేత పుస్తకాలను తెచ్చిన సంగతి ఖైదీలు చూడకూడదు. కమాండర్ లెంప్ నీళ్లలో చనిపోయాడు, 32 మంది బతికారు. ఖైదీలను బ్రిటన్‌లో ట్రెంట్ పార్క్, లాటిమర్ హౌస్ వంటి చోట్ల, అమెరికాలో ఫోర్ట్ హంట్‌లో ఉంచి ప్రశ్నించేవారు. గదుల్లో దాచిన మైక్రోఫోన్లు వాళ్ల ముచ్చట్లన్నీ వినేవి. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం పేరు, హోదా లేదా క్రమసంఖ్య చెబితే చాలు. మిగతాది చెప్పించడానికి దౌర్జన్యం చేయకూడదు.

రహస్యం కోసం ఆ ఒప్పందాన్ని పక్కనపెట్టిన సందర్భమూ ఉంది. 1944 జూన్ 4న అమెరికా కెప్టెన్ డేనియల్ గ్యాలరీ దళం యు-505ను మునగకుండా పట్టుకుంది. ఒకరు చనిపోగా 58 మందిని నీళ్లలోంచి తీశారు. జలాంతర్గామి దొరికిందని జర్మనీకి తెలిస్తే సంకేతాలు మార్చేస్తుందని, వాళ్లను లూసియానాలోని రస్టన్ శిబిరంలో మిగతా ఖైదీలకు దూరంగా ఉంచారు. రెడ్‌క్రాస్‌కు పేర్లు పంపలేదు, ఉత్తరాలు పోనివ్వలేదు. జర్మనీ వాళ్లు చనిపోయారని కుటుంబాలకు చెప్పింది. సంకేతాలు మారకుండా కాపాడటం వల్ల మిత్రపక్ష నావికులు ఎందరో బతికారన్నది నిజమే. కానీ కాపాడిన మనిషి బతికున్నాడన్న కబురు ఇంటికి చేరకపోవడం రక్షణను సగంలోనే ఆపేయడం. 1949 రెండో ఒప్పందం 19వ అధికరణం, కాపాడిన ప్రతి ఒక్కరి వివరాలూ వీలైనంత త్వరగా నమోదు చేసి అవతలి దేశానికి చేరవేయాలని చెప్పింది. యు-505 సిబ్బంది 1947లో ఇళ్లకు చేరారు.